గుంతకల్లు వేలంలో కొన్న జపాను వాన బొమ్మ: ఎప్పటిది, ఎలా కాపాడుకోవాలి?

తుంగభద్ర గట్టు (కర్నూలు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న ఒక జపాను చిత్రం గురించి తెలిసినవారి సలహా కోరి ఇది రాస్తున్నాను. మా జేజినాయన గుంతకల్లు రైల్వే కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశారు. స్వాతంత్ర్యం రావడానికి కొంచెం ముందు ఇంగ్లండుకు వెళ్ళిపోతున్న ఒక ఉద్యోగి తన ఇంటి సామాను వేలం వేయించినప్పుడు, ఆయన ఒక బీరువాను, కొన్ని పుస్తకాలను, వాటితోపాటు పటం కట్టించి ఉన్న ఈ బొమ్మను కొన్నారని మా ఇంట్లో పెద్దలు చెబుతారు. ఉద్యోగ విరమణ తరవాత అవన్నీ కర్నూలు పాతబస్తీలోని మా ఇంటికి వచ్చాయి. 2009 అక్టోబరులో వరద వచ్చి ఊరు మునిగినప్పుడు పటం మిద్దె మీది గదిలో ఉండటంవల్ల నీళ్ళలో పడలేదు కానీ, నానిన గోడ ఆరేదాకా దానినే ఆనుకొని ఉండటంతో కాగితానికి చెమ్మ తగిలింది. అప్పటినుంచి కింది మూలలో ఊదారంగు మరక ఒకటి కనిపిస్తోంది.

బొమ్మ అడ్డంగా ఉంటుంది. అంచులు కలుపుకొని సుమారు 38 సెంటీమీటర్ల పొడవు, 26 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఏటవాలుగా దిగే ఒక దారి, దాని మీద జడివాన. ఎడమవైపు పల్లకీ వంటిదానిని మోసుకొని ఎగువకు పోతున్న బోయీలున్నారు. లోపలి మనిషి తడవకుండా పల్లకీ మీద ఏదో కప్పి ఉంది. కుడివైపు సగం విప్పిన గొడుగును ముందుకు వంచి పట్టుకొని దిగువకు పరుగెత్తే మనిషి ఒకరు, గడ్డితో అల్లిన వానకప్పు వేసుకొన్న రైతు ఒకరు ఉన్నారు. వెనక గాలికి ఒకే పక్కకు వంగిన వెదురు తోపు, దగ్గరిది చిక్కగా, దూరానిది పలచగా, వరుసలు వరుసలుగా బూడిదరంగులో కనిపిస్తుంది. ఆకాశం పై అంచున నల్లగా మొదలై కిందికి వచ్చేకొద్దీ కరిగిపోతుంది. గొడుగు మీద జపాను అక్షరాలున్నాయి. బొమ్మలో మరోచోట నిలువుగా మరికొన్ని అక్షరాలు, చిన్న ఎర్ర ముద్ర ఉన్నాయి.

ఇది చేత్తో వేసిన చిత్రమా, చెక్క అచ్చుతో ముద్రించినదా, లేక యంత్రం మీద అచ్చయిన క్యాలెండరు బొమ్మ వంటిదా అన్నది మాకు తెలియడం లేదు. పటాలు కట్టే ఒక దుకాణంలో చూపిస్తే, కాగితాన్ని ప్లైవుడ్‌కు అంటించి పైన లామినేషన్ చేయిస్తే ఇక ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదని చెప్పారు. చేయించవచ్చా? అమ్మే ఉద్దేశం మాకు లేదు. జేజినాయన ముచ్చటపడి కొన్న వస్తువు ఏమిటో తెలుసుకొని, దానిని సరిగా ఉంచుకోవాలన్నదే మా కోరిక.

పెన్న ఒడ్డు (కడప) సమాధానం:

లామినేషన్ దయచేసి చేయించకండి. వేడికి కరిగి కాగితపు నారలోకి దిగిన ఆ జిగురును తరవాత ఎంత నేర్పరి అయినా పూర్తిగా తీయలేరు. మిగిలిన విషయాలు నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఈ ఒక్కటి మాత్రం ముందే చెప్పవలసిన సంగతి.

మీరు వర్ణించిన బొమ్మ జపాను చిత్రకారుడు ఉతగావా హిరోషిగె చిత్రించిన షోనో జడివాన. ఎడో నుంచి, అంటే నేటి టోక్యో నుంచి, క్యోతోకు వెళ్ళే తోకైదో రహదారి మీద ఆనాడు 53 మజిలీలుండేవి; షోనో వాటిలో ఒకటి. బయలుదేరే వంతెనను, చేరుకొనే నగరాన్ని కూడా కలుపుకొని హిరోషిగె 55 చిత్రాలు గీశాడు. హొఎయిదో అనే పేరుతో వ్యాపారం చేసిన తకెనోఉచి మగొహచి వాటిని 1833, 1834 సంవత్సరాల ప్రాంతంలో ప్రచురించాడు. హిరోషిగె 1797లో పుట్టి 1858లో మరణించాడు. ఎడోలో మంటలార్పే దళపు ఉద్యోగం ఆయన కుటుంబానికి వంశపారంపర్యంగా ఉండేది. దారి పక్కన కనిపించే ఊళ్ళను గొప్ప దృశ్యాలుగా కాక, అక్కడి వాన, మంచు, పొగమంచు, బరువులు మోసే మనుషుల అలసటతో సహా చూపించడం ఆయన ప్రత్యేకత. వాన కోసం ఆకాశం చూసే మన జిల్లాల వాళ్ళకు ఈ షోనో బొమ్మ దగ్గరగా అనిపిస్తుంది. ఆ జల్లు ఎటునుంచి ఎటు కొడుతోందో, దారి ఎంత జారుగా ఉందో అందులో తెలుస్తుంది.

ఇక ఇది చేత్తో గీసిన చిత్రం కాదు. చెక్క అచ్చుతో వేసినదై ఉండవచ్చు, లేదా అలాంటి దానికి యంత్రం మీద తీసిన నకలై ఉండవచ్చు. ఈ రెంటిలో ఏదో మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మంచి భూతద్దంతో ఆకాశం భాగాన్ని చూడండి. యంత్రపు ముద్రణ అయితే రంగు సన్నని చుక్కల వరుసలుగా విడిపోయి కనిపిస్తుంది. చెక్క అచ్చు అయితే చుక్కలు ఉండవు. రంగు కాగితపు నారలోకి ఇంకి, అక్కడక్కడా చెక్క ఈనెలు కూడా లీలగా అచ్చుపడి ఉంటాయి. తరవాత పటం వెనక పలకను జాగ్రత్తగా విప్పించి కాగితం వెనకవైపు చూడండి. నా అనుభవంలో ముందువైపు కంటే వెనకవైపే ఎక్కువ నిజం చెబుతుంది. చేత్తో ముద్రించిన కాగితానికి వెనక రంగు ఊరి కనిపిస్తుంది. కాగితాన్ని కాంతికి ఏటవాలుగా పట్టుకుంటే, ముద్రాపకుడు రుద్దిన చోట వంపు వంపుగా గీతలు తేలి కనిపిస్తాయి. జపాను చెక్క అచ్చు ముద్రణలో మరయంత్రం వాడరు. వెదురు పొరలతో పేనిన తాడును చుట్టగా చుట్టి, పైన వెదురు పట్ట బిగించిన గుండ్రటి సాధనం ఉంటుంది. దానిని బరెన్ అంటారు. కాగితాన్ని అచ్చు మీద పరచి, ఆ బరెన్‌తో వెనక నుంచి మనిషి తన ఒంటి బరువంతా మోపి రుద్దుతాడు. ఆ గీతలు ఆ రుద్దుడువే.

చెక్క అచ్చు అని తేలినా, 1833 నాటిదని వెంటనే అనుకోకూడదు. ఈ బొమ్మకు ఆదరణ ఎంత ఉండేదంటే, బొమ్మ చెక్కిన మొదటి చెక్క పలకలు అరిగేదాకా ముద్రించారు. తరవాతి కాలంలో కొత్త పలకలు చెక్కి మళ్ళీ మళ్ళీ వేశారు. గొడుగు మీది అక్షరాల సంగతి కూడా ఆసక్తికరమైనదే. తొలి ప్రతులలో ఆ గొడుగు మీద ప్రచురణకర్త పేరు, 53 మజిలీలు అన్న మాట ఉండేవి. అదే పలకలతో తరవాత తీసిన ప్రతులలో వాటిని తొలగించారు. అయితే కొత్త పలకలు చెక్కినవారు తొలి ప్రతులనే నమూనాగా తీసుకొన్నారు కనుక వాటిలో ఆ అక్షరాలు మళ్ళీ కనిపిస్తాయి. అందువల్ల మీ గొడుగు మీద అక్షరాలుండటం ఒక్కటే దేనినీ నిరూపించదు.

కాగితం మందం, రంగు, నాలుగు వైపులా వదిలిన అంచు, వెనకవైపు ఉన్న ఏ ముద్ర అయినా సరే, చూసి రాయండి.

హంద్రీ వాసి (కర్నూలు):

పెన్న ఒడ్డు గారి వివరణ విలువైనదే, కానీ ప్రశ్న అడిగినవారికి ఒక విషయం సూటిగా చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఇటువంటి చిత్రాలలో పురాతన వస్తువు అనదగినది చిత్రకారుడి జీవితకాలంలో, అసలు పలకల మీద తీసిన ప్రతి మాత్రమే. తరవాతివారు కొత్తగా చెక్కి వేసినవి ఎంత అందంగా ఉన్నా నకళ్ళే. విదేశీ యాత్రికుల కోసం ఓడరేవు పట్టణాలలో అటువంటివి విరివిగా అమ్మేవారు. గుంతకల్లులో పనిచేసిన ఉద్యోగి దగ్గర ఉన్నది కూడా అదే అయ్యుండే అవకాశం ఎక్కువ. అది తప్పని నేను అనడం లేదు. కుటుంబ జ్ఞాపకంగా ఉంచుకోండి. కానీ దాని సంరక్షణకు పెద్ద మొత్తం ఖర్చు పెట్టేముందు, ఇది అసలుదో నకలో తేల్చుకోవడం అవసరం. అసలుది కాకపోతే మామూలు గాజు పటం సరిపోతుంది.

చెక్క అచ్చు (అనంతపురం):

నేను చిత్రకళ బోధిస్తాను, చెక్క మీద, లినోలియం మీద అచ్చులు చెక్కుతాను. హంద్రీ వాసి గారి మాటలో సగంతో ఏకీభవిస్తాను. మిగిలిన సగంతో ఏకీభవించలేకపోవడానికి కారణం ఈ పని జరిగే తీరులోనే ఉంది కనుక దానిని కొంచెం వివరంగా రాయనివ్వండి.

చిత్రకారుడు పలచని కాగితం మీద నల్ల గీతలతో బొమ్మ గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి చెర్రీ చెక్క పలకకు అంటించి, గీతకు రెండు వైపులా కత్తి నడిపి, గీత కానిదంతా తొలిచేస్తాడు. పలక పూర్తయ్యేసరికి చిత్రకారుడు గీసిన కాగితం మిగలదు. అంటే ఎక్కడో ఒక అసలు చిత్రం భద్రంగా ఉండి, దానికి ఇవి ప్రతులు అన్న పరిస్థితి ఈ కళలో లేదు. ఆ నల్ల గీతల పలకతో కొన్ని ప్రతులు తీసి చిత్రకారుడికి పంపితే, ఏ భాగానికి ఏ రంగో ఆయన గుర్తు పెడతాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక మళ్ళీ చెక్కుతారు. ప్రతి పలకకూ ఒక మూలన మడత ఆకారంలో ఒక గంటు, అదే అంచున కొంత దూరంలో తిన్నని గంటు మరొకటి ఉంటాయి. కెంతో అని పిలిచే ఆ రెండు గంట్లకు కాగితాన్ని ఆనించి పరచడంవల్లనే పది పదిహేను సార్లు వేసిన రంగులు కూడా గీత దాటకుండా కుదురుతాయి. 1765లో చిత్రకారుడు సుజుకి హరునొబు కాలంలో ఎడోలో నిండు రంగుల ముద్రణ ఒక్కసారిగా వికసించింది. అంతకుముందు రెండు మూడు రంగులతోనో, చేత్తో రంగు పూసో సరిపెట్టుకొనేవారు.

రంగును నీటిలో కలిపి, బియ్యపు గంజి కొద్దిగా చేర్చి, పలక మీద బ్రష్షుతో పూస్తారు. కాగితం తడిగా ఉండాలి, అదీ మొదటి రంగు నుంచి చివరి రంగు దాకా ఒకే మోతాదులో తడిగా ఉండాలి. ఈ మాట పుస్తకంలో చదివితే అంత పట్టించుకోము. మా అనంతపురంలో ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని చేసి చూస్తే తెలుస్తుంది: రెండో పలకకు రంగు పూసేలోపే కాగితం ఆరి ముడుచుకుంటుంది, రంగు గీతకు అందదు. అందుకే నేను రంగుల పని తొలకరి తరవాతే పెట్టుకుంటాను.

మీ బొమ్మలో పై అంచున నల్లగా ఉండి కిందికి కరిగిపోయే ఆకాశం ఉందన్నారు కదా, దానిని చెక్కలేరు. పలక మీద రంగు ఒక పక్కనే పూసి, తడి బట్టతోనో తడి బ్రష్షుతోనో రెండో పక్కకు పలచగా లాగి, వెంటనే కాగితం వేసి రుద్దుతారు. బొకాషి అనే ఈ పనిని ప్రతి కాగితానికీ మళ్ళీ మొదటినుంచి చేయాలి. కాబట్టి ఏ రెండు ప్రతుల ఆకాశమూ ఒక్కలాగే ఉండదు. వాన సంగతి ఇంకా కష్టం. ఒక్కొక్క వాన చినుకు గీత చెక్క మీద ఎత్తుగా నిలబడిన సన్నని అంచు; దాని చుట్టూ ఉన్నదంతా తొలిచేయాలి. లినోలియం మీద అంత సన్నని గీత నిలవనే నిలవదు. చెర్రీ చెక్క గట్టిదనం, సన్నని ఈనె, చెక్కేవాడి చేయి కలిస్తేనే ఆ వాన కాగితం మీద పడుతుంది. హిరోషిగె ఆ కత్తి పట్టలేదు, బరెన్ పట్టలేదు. మన ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్ళలో తోలు శుభ్రం చేసేవారు, గీత గీసేవారు, రంగు నింపేవారు, చిల్లులు కొట్టేవారు వేరు వేరు చేతులుగా ఉండి ఒకే బొమ్మను తయారుచేసినట్టే, ఇక్కడ కూడా చిత్రకారుడు, చెక్కేవాడు, ముద్రాపకుడు, పెట్టుబడి పెట్టి అందరినీ నడిపించే ప్రచురణకర్త కలిసి ఒక బొమ్మను తెచ్చేవారు.

ఇప్పుడు హంద్రీ వాసి గారి ప్రశ్నకు వస్తాను. 1833లో తీసిన ప్రతికీ, దాదాపు వందేళ్ళ తరవాత కొత్త పలకలతో తీసిన ప్రతికీ తేడా లేదని నేను అనను. తేడా ఉంది, అది పెద్దదే: మొదటిదానిని హిరోషిగె చూసి, రంగులు చెప్పి, సరే అన్నాడు, రెండోదానిని ఆయన చూడలేదు. చిత్ర చరిత్రకు ఆ తేడా ముఖ్యం, ధరకు ఇంకా ముఖ్యం. కానీ రెండోది కూడా అదే చెక్క, అదే కత్తి, అదే బరెన్, అదే విద్య నేర్చిన మనుషుల పని. ఫొటో తీసి యంత్రం మీద వేసిన నకలును, దీనిని ఒకే మాటతో పిలవడం ఆ మనుషుల చేతికి అన్యాయం అవుతుంది. 1904లో యమమోతో కనయె ఒక జాలరి బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే ముద్రించి, కళాకారుడంటే అన్నీ తానే చేయాలని వాదించిన కొత్త బాటకు నాంది పలికాడు. మరోపక్క వతనబె షోజబురో వంటి ప్రచురణకర్తలు పాత పద్ధతిలోనే పనివాళ్ళను నిలబెట్టారు. 1930లో మన దేశానికి వచ్చిన చిత్రకారుడు యొషిద హిరోషి ఇక్కడ చూసిన తాజ్ మహల్‌ను, ఎల్లోరాను, మదురై గుడిని ఆ నిపుణుల చేతులతోనే చెక్క అచ్చులుగా తెచ్చాడు. మీ జేజినాయనగారు పటం కొన్న కాలానికి ఈ విద్య బతికే ఉంది, మంచి దశలోనే ఉంది.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మా అన్నయ్య, నేను కలిసి పటం వెనక మేకులు ఒక్కొక్కటిగా తీసి, కాగితాన్ని శుభ్రమైన తెల్ల బట్ట మీద పరచి చూశాము. భూతద్దంలో ఎక్కడా చుక్కలు కనిపించలేదు. ఆకాశపు బూడిదరంగులో చెక్క ఈనెల వంటి సన్నని గీతలున్నాయి. వెనకవైపు రంగులు ఊరి ఉన్నాయి. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే పెన్న ఒడ్డు గారు చెప్పిన వంపు గీతలు స్పష్టంగా కనిపించాయి. అది చూసినప్పుడు మా అన్నయ్య చాలాసేపు ఆ కాగితాన్ని వదల్లేదు.

కాగితం మెత్తగా, కొంచెం మందంగా, మీగడ రంగులో ఉంది. బొమ్మ చుట్టూ నాలుగు పక్కలా ఒకే వెడల్పున ఖాళీ అంచు ఉంది. వాన గీతలలో తెగినవి కనిపించలేదు. ఎర్ర ముద్ర తాజాగా ఉంది. పటం వెనక వాడిన దేవదారు పలకల అతుకులున్న చోట కాగితం మీద గోధుమరంగు చారలు పడ్డాయి. ఊదా మరక ఎక్కడిదో కూడా తెలిసింది: కాగితం వెనక ఆ మూలలోనే చిన్న రబ్బరు ముద్ర ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో జపాన్ అన్న ఒక్క పదం. దాని సిరా చెమ్మకు కరిగి ముందువైపుకు వచ్చింది. ఈ మరకను, చారలను ఎవరైనా నీటితో కడిగి పోగొట్టగలరా?

పెన్న ఒడ్డు (కడప):

ఆ రబ్బరు ముద్ర చాలా చెప్పింది. అమెరికా 1890లో ఒక సుంకాల చట్టం చేసింది. దాని ప్రకారం మరుసటి సంవత్సరం నుంచి, దిగుమతి అయ్యే వస్తువుల మీద అవి తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండితీరాలి. జపాను వర్తకులు ఎగుమతి సరుకు మీద దేశం పేరు వేయడం అప్పటినుంచే మామూలైంది. అటువంటి ముద్ర ఉన్న కాగితం 1891కి ముందుదనడానికి వీలు తక్కువ. మీ జేజినాయనగారు స్వాతంత్ర్యానికి ముందే కొన్నారు కనుక ఇటు హద్దు 1947. చుట్టూ సమానంగా వదిలిన అంచు, మందపు కాగితం, తెగని వాన గీతలు, గొడుగు మీద అక్షరాలు, అన్నీ ఒకే దిక్కు చూపుతున్నాయి: ఇది 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మొదటి భాగం లోపల, కొత్తగా చెక్కిన పలకలతో, సంప్రదాయ పద్ధతిలో చేత్తో ముద్రించిన ప్రతి. 1833 నాటి ప్రతి కాదు. యంత్రపు నకలు కూడా కాదు.

రంగుల గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే కాపాడటానికి అది అవసరం. పాత ఎడో ప్రతులలో ఎరుపు కుసుమ పూల నుంచి వచ్చేది. మన నల్లరేగడి చేలలో రబీకి వేసే కుసుమే అది. పసుపుపచ్చకు వాడిన వాటిలో మన పసుపు కూడా ఉంది. ఈ పూల రంగులు, వేరు రంగులు వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. బెర్లిన్‌లో కనుగొన్న నీలం రంగు 1830 ప్రాంతంలో జపానుకు విరివిగా రావడంవల్లనే చిత్రకారులు హొకుసాయి, హిరోషిగెల నీలాలు నేటికీ నిలిచాయి. 19వ శతాబ్దం చివరి భాగంలో రసాయన రంగులు వచ్చాయి. వాటిలో ఎరుపు, ఊదా నీటికి చెదిరే స్వభావం గలవి. మీ ముద్ర సిరా చెమ్మకే కరిగిందంటే, కాగితాన్ని నీటిలో పెడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

పాత కాగితం (కడప):

గ్రంథాలయంలో పాత పుస్తకాల, వ్రాతప్రతుల సంరక్షణ నా పని. కడగడం గురించి మీరు అడిగిన ప్రశ్నకు నా సమాధానం: ఇంట్లో వద్దు, పటాల దుకాణంలో అసలే వద్దు. బ్లీచింగ్ చేస్తే కాగితం తెల్లబడుతుందని కొందరు చెబుతారు. తెల్లబడిన ఆ కాగితం తరవాత పెళుసై, మడత పడిన చోటల్లా విరుగుతుంది. చారలు, మరక చూడటానికి బాధగా ఉన్నా, అవి ఇకమీదట పెరగకుండా ఆపడమే ముఖ్యం. శాస్త్రీయంగా శుభ్రం చేయించాలనుకుంటే హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలోనూ సంరక్షణ ప్రయోగశాలలున్నాయి. అక్కడివారిని సంప్రదించి, వారు సూచించిన నిపుణుడికే ఇవ్వండి. మొదట ప్రతి రంగునూ ఒక చుక్క నీటితో పరీక్షించకుండా కాగితాన్ని తడిపే మనిషికి ఇవ్వవద్దు.

ఆ గోధుమ చారలకు కారణం వెనక ఉన్న పలకలే. చెక్కలోని ఆమ్లం సంవత్సరాల తరబడి కాగితంలోకి దిగుతుంది; అతుకుల సందుల్లోంచి వచ్చే గాలి కూడా చారలు పడేలా చేస్తుంది. ప్లైవుడ్ మంచిదని దుకాణదారు అన్నా, అందులోని జిగురు ఇంకా హాని చేస్తుంది. ఆ పాత పలకలను, మేకులను మళ్ళీ వాడకండి. అయితే పారేయకుండా విడిగా ఉంచండి. ఆ పలక మీద పాత దుకాణం చీటీ ఏదైనా ఉంటే అది కూడా ఈ బొమ్మ చరిత్రలో భాగమే.

కొత్త పటానికి ఆమ్లం లేని అట్ట రెండు ముక్కలు తెప్పించండి. బెంగళూరు, హైదరాబాదులలో చిత్రకళా సామగ్రి అమ్మేచోట దొరుకుతుంది. ఒకటి వెనక పెట్టి, రెండోదానిలో బొమ్మ కనిపించేంత కిటికీ కోయించాలి. ఆ కిటికీ అట్ట మందమే బొమ్మకూ గాజుకూ మధ్య ఎడం ఉంచుతుంది. గాజును నేరుగా ఆనితే వానాకాలంలో చెమ్మ చేరి రంగు గాజుకు అంటుకుంటుంది. కాగితాన్ని వెనక అట్టకు నిలపడానికి పై అంచున మాత్రం రెండు చోట్ల చిన్న జపాను కాగితపు పట్టీలు, మైదా కాకుండా శుద్ధమైన గోధుమ గంజి పొడితో ఉడికించిన పలచని గంజితో అతికించాలి. ఫెవికాల్, సెల్లోటేపు, రెండు పక్కలా అంటే టేపు, వీటిలో ఏదీ దగ్గరికి రానివ్వకండి. పట్టీ బలం కాగితం బలంకంటే తక్కువగా ఉండాలన్నది మా పనిలో నియమం. పటం కిందపడితే తెగవలసింది పట్టీ, కాగితం కాదు.

హంద్రీ వాసి గారు ఖర్చు గురించి అన్న మాట సబబే. నేను చెప్పినదానికి లామినేషన్ కంటే కొంత ఎక్కువే అవుతుంది, కానీ పెద్ద మొత్తం కాదు. ఈ బొమ్మ 1833 నాటిది కాకపోయినా, చేత్తో ముద్రించిన కాగితానికి వేరే సంరక్షణ, తొలి ప్రతికి వేరే సంరక్షణ అని ఉండదు. కాగితం కాగితమే.

వేలాడదీసే చోటు గురించి ఎక్కువగా ఆలోచించండి. కర్నూలు ఎండ నేరుగా పడే గది పనికిరాదు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ కూడా పనికిరాదు. వీధి వైపు గోడ, స్నానాలగది పక్క గోడ చెమ్మ పీలుస్తాయి కనుక ఇంటి మధ్యలో ఉండే గోడను ఎంచుకోండి. పటం వెనక కింది మూలల్లో రెండు చిన్న కార్కు బిళ్ళలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. 2009లో మీ పటానికి లేకపోయినది ఆ కాస్త సందే. మా గ్రంథాలయంలో రంగుల కాగితాలను ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే వెలుతురులో ఉంచి, మిగతా కాలం చీకటి పెట్టెలో పడుకోబెడతాము. మీరు కూడా ఎండాకాలంలో దించి, పరుపు మీద కాకుండా గట్టి అరలో, బల్లపరుపుగా, ఆమ్లం లేని కాగితం కప్పి ఉంచవచ్చు. నాఫ్తలీను ఉండలను కాగితం మీద వేయకండి. చెదలు, వెండిపురుగులు రాకుండా అరను నెలకొకసారి తెరిచి చూడటమే అన్నింటికంటే మంచి మందు.

అమ్మే ఉద్దేశం లేదన్నారు కాబట్టి ఇది మీకు అవసరం రాకపోవచ్చు, కానీ ఈ సంభాషణ చదివే మరొకరికి పనికొస్తుంది. వందేళ్ళు దాటిన కళావస్తువులను దేశం వెలుపలికి పంపడం మీద 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ఆంక్షలు పెట్టింది. మీ కాగితం ఆ వయసు దాటి ఉండవచ్చు కనుక, విదేశీ కొనుగోలుదారు ఎవరైనా పంపమని అడిగితే ముందుగా పురావస్తు శాఖవారిని అడిగి తెలుసుకోండి. పటం కట్టించడానికి వెళ్ళేటప్పుడు మీరు గానీ మీ అన్నయ్యగారు గానీ వెంట ఉండి, అట్ట, గంజి, పట్టీలు మీరే తీసుకువెళ్ళి, మీ కళ్ళముందే చేయించండి. ముందూ వెనకా రెండు వైపులా ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఎందుకంటే పటం మూసిన తరవాత ఆ రబ్బరు ముద్రను, బరెన్ గీతలను చూపించమని ఎవరడిగినా మళ్ళీ విప్పవలసిన పని ఉండదు.